వంతెన దాటితే మళ్ళీ ఒకటో గంట

5 జులై 2004, సోమవారం

జీతం కవర్లు ఇచ్చారు. ఓటీ గడిలో సున్నా. నాకే కాదు, పద్నాలుగు మందికీ సున్నాయే.

జూన్ నెలంతా రోజుకి పది గంటలు రొయ్యల మీద కూర్చున్నాం. పొద్దున్న ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా మురమళ్ళ షెడ్డులో తలలు తీయడం. అన్నాలు తిని, ఆ రొయ్యతోపాటే వ్యాన్ ఎక్కి, వంతెన దాటి, రెండు నుంచి ఏడు దాకా యానాం షెడ్డులో పొట్టు తీయడం. ఓనరు ఒకడే. ఎనిమిది గంటలు దాటితే ఓటీ, గంటకి రెట్టింపు కూలి అని రెండు షెడ్ల గోడలకీ బోర్డులున్నాయి. ఐదూ ఐదూ పది కాదేమో మరి.

6 జులై

మేనేజరు రాజేంద్రప్రసాద్ గారిని అడిగాను. కుర్చీ వేయించారు, మంచినీళ్ళు ఇప్పించారు. తర్వాత, ఇటు ఆంధ్రా, అటు పాండిచ్చేరి, ఎవరి రూలు వాళ్ళదేనండీ శారోన్ గారూ అన్నారు. ఆంధ్రాలో మేం చేసింది ఐదు గంటలేనట. పాండిచ్చేరిలోనూ ఐదేనట. ఎక్కడా ఎనిమిది దాటలేదు కాబట్టి ఎక్కడా ఓటీ లేదట. వంతెన దాటగానే మళ్ళీ ఒకటో గంట.

మరి వ్యాన్‌లో అరగంట ఎవరిదండీ అన్నాను. అది ప్రయాణం కదండీ అన్నారు.

ఇంత మర్యాదగా నా నోట్లో మట్టి కొట్టినవాళ్ళు ఇంతవరకు లేరు.

9 జులై

తొమ్మిదో గంట వచ్చేసరికి ఐసు నీళ్ళలో వేళ్ళు నా మాట వినవు. కత్తికి తెగినా తెలియదు. ఆ రెండు గంటలకే లెక్క లేదంటే ఒళ్ళు మండిపోతోంది.

12 జులై

సెలవు పెట్టి తిరిగాను. ఆంధ్రా లేబర్ ఆఫీసరు, యానాం గంటలు నా పరిధి కాదమ్మా అన్నాడు. యానాం ఆఫీసరు, మురమళ్ళ గంటలతో నాకు పనిలేదన్నాడు. బస్సు చార్జీలు దండగ.

ఆంధ్రా ఆయన మాత్రం, ఓనరు ఒకడే అంటున్నావు కాబట్టి గురువారం తనిఖీకి వస్తానన్నాడు. కర్నూలు వైపు మనిషి. మాటలో నాన్చుడు లేదు.

15 జులై

వచ్చాడు. అందరినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ అడిగాడు, పది గంటలు చేస్తున్నారు కదా, ఓటీ ముడుతోందా అని. పాపాయమ్మ గారు ఆయ్ అంది. పద్మావతి ఆయ్ అంది. మా ఎలీసమ్మ అత్త రెండుసార్లు ఆయ్ అంది. పదముగ్గురూ ఆయ్. ఆయన పదమూడు టిక్కులు పెట్టుకున్నాడు.

వాళ్ళన్నది వింటున్నామండీ, చెప్పండీ అని. ఆయన రాసుకున్నది అవును అని. చివర్లో నిలబడ్డ నేనొక్కదాన్నే లేదన్నాను. ఒక్కరి మాట మీద కేసు నడవదమ్మా అని జీపెక్కాడు.

అత్తని నిలదీశాను. పెద్దాయన అంతలా అడుగుతుంటే ఉలకకుండా నిలబడితే ఏం బాగుంటుందే అంది. ఈ ఊళ్ళో మర్యాదకి ఒక దండం.

19 జులై

ఫోన్ చేసి ఆయ్ అంటే ఏమిటో ఆఫీసరుకి చెప్పుకున్నాను. నవ్వాడు. కాగితం మీద సంతకాలు తెమ్మన్నాడు.

కాగితం పట్టుకుని తిరిగాను. ఉన్న పని ఊడితే మాకు నువ్వు పెడతావా అని పాపాయమ్మ గారు అడిగింది. నేనేం పెట్టగలను. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

20 జులై

రెండు సంతకాలు. ఒకటి నాది. రెండోది సాయంత్రానికి పద్మావతి కొట్టేయించుకుంది.

22 జులై

యానాం షెడ్డులో ఆరింటికి ఎలీసమ్మ అత్తకి కళ్ళు తిరిగాయి. గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. అప్పటికి తొమ్మిది గంటలు చేసిన మనిషి. నాలుగు గంటలే చేసి పని మానేసి కూర్చుందని సూపర్‌వైజరు రిజిస్టర్లో రాశాడు. పొద్దున్న ఐదు గంటలూ ఏమయ్యేయి బాబూ అని అత్త అడిగితే, అవి ఆంధ్రావండీ అన్నాడు.

అత్త ఆయ్ అనలేదు. వ్యాన్‌లో ఇంటిదాకా వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుంటూనే ఉంది. నాకు భయమేసింది.

23 జులై, మధ్యాహ్నం 3 గంటలు

వంతెన నడిమధ్యలో ఉన్నాం.

డ్రైవరు మంగరాజు చేత అత్తే బండి ఆపించింది. ఆమె దిగితే అందరం దిగాం, పాపాయమ్మ గారితో సహా. రెండు షెడ్ల గంటలూ కలిపి లెక్కేస్తామని రాసిచ్చేదాకా ఆంధ్రాకీ రాము, పాండిచ్చేరికీ రాము అంది. వ్యాన్ కింద ఐసు నీళ్ళు కాలవ కట్టాయి. గంట తర్వాత రాజేంద్రప్రసాద్ గారు స్కూటర్ మీద వచ్చి, రొయ్య వాసన పీల్చి, బానెట్ మీద కాగితం పెట్టి రాసిచ్చేశారు. సంతకం కూడా పెట్టారు.

తేదీ వెయ్యలేదు. స్కూటర్ ఎక్కబోతున్న ఆయన్ని వెనక్కి పిలిచాను.