చివరి పంటు మీద నన్ను చంపిన చెల్లికి

చిరంజీవి దేవికి,

నీ చేతిలో ఎన్నిసార్లు చచ్చినా ఇంకా క్షేమంగానే ఉన్న అన్నయ్య శ్రీను ఆశీర్వదించి రాస్తున్నది. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? గిలకలదిండిలో చేపల వేట బాగా సాగుతోందా? నువ్వు వేళకి తింటున్నావా, కంప్యూటర్ ముందు బిస్కెట్లతో సరిపెడుతున్నావా?

నా ఫోను ఎత్తవు, మెసేజీలకి జవాబివ్వవు. పోలండులో నాకిది రెండో చలికాలం. ఇన్నాళ్ళకి నీ దగ్గర్నుంచి వచ్చింది నువ్వు తయారు చేసిన ఆట, దాని కింద రెండు ముక్కలు. "ఆడి చూసి బాగున్నవీ బాగోనివీ రాయి. నీ మాట వచ్చాకే అమ్మకానికి పెడతాను." పైన అన్నయ్యా అని కూడా లేదు. అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. తిట్టుకుంటే తిట్టుకో, మధ్యలో చించెయ్యకుండా చివరిదాకా చదువు.

ముందు నా సంగతి. నేను బాగానే ఉన్నాను, అమ్మని బెంగపడొద్దని చెప్పు. కోళ్ళ ఫ్యాక్టరీలో నా పని మెడ కోసే చోట. కొక్కేలకు తలకిందులుగా వేలాడుతూ కోళ్ళు వస్తూనే ఉంటాయి. మిషను కోసేస్తుంది, అది వదిలేసినవాటిని నేను కోస్తాను. మోకాళ్ళ దాకా బూట్లు, బూట్ల చుట్టూ రక్తం. బయట మంచు. మొదటి నెలలో అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే చేతి వాసనకి వాంతి వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. నేను బాగానే ఉన్నాను.

ఆ పని నుంచి గదికి వచ్చి నీ ఆటలో మనుషుల మెడలు కోయడం మొదలుపెట్టాను. చెల్లెలంటే నువ్వేనమ్మా, అన్నకి మంచి విశ్రాంతి ఏర్పాటు చేశావు.

బాగున్నవి చెప్తాను. సముద్రం గుడివాడ దాకా వచ్చేసి, దివిసీమలో నాలుగు దిబ్బలు మాత్రం మిగిలి, బిందెడు మంచినీళ్ళ కోసం జనం నరుక్కోవడం చూస్తే రేపో మాపో జరిగేదే అనిపించింది. నందివాడ వరిచేలు ఉప్పు పట్టి తెల్లగా మెరవడం నువ్వు ఎంత బాగా గీశావో. ఆట రెండున్నర గంటల్లో అయిపోతుంది, సాగదీయలేదు. అది కూడా మంచిదే.

అన్నిటికంటే బాగున్నది వరసలు కలిపే పద్ధతి. మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం రేవులో నీళ్ళకి కాపలా ఉన్న గొడ్డలివాడు, ఆటలో చెల్లెలి వేషంలో ఉన్న నన్ను ఆపాడు. వాడి నడుముకి మనుషుల చెవులు దండలా కట్టి ఉన్నాయి. అయినా మర్యాద తప్పలేదు. "ఏ ఊరండీ మీది? ఎవరి తాలూకు?" అని అడిగాడు. నేను కంగారులో ఏదో ఊరు నొక్కాను. "మాకెవరూ తెలీదండీ అక్కడ. ఏమీ అనుకోకండి," అని గొడ్డలి దించాడు. నా తల దొర్లుకుంటూ వెళ్ళి కృష్ణలో పడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండోసారి మేనత్తని నందివాడ ఇచ్చారని చెప్పాను. "మరి ముందే చెప్పొద్దుటమ్మా, వాళ్ళాయన నాకు పెదనాన్న కొడుకు. నేను నీకు మావయ్యనవుతాను," అని గొడ్డలి పక్కన పెట్టి చెంబుతో నీళ్ళిచ్చాడు. వరస కలిస్తే చంపరు, కలవకపోతే చంపుతారు. లోకం మునిగిపోయినా మనవాళ్ళు ఈ అలవాటు మానరని నీకెలా తోచిందే? ఇది మన ఊళ్ళో పుట్టినవాళ్ళకే తోస్తుంది. నా గదిలో ఉండే నేపాలీ ఆయనకి అర్థం చెప్తే ఆయన కూడా పడీపడీ నవ్వాడు.

ఇక బాగోనివి. చచ్చిన కుక్కలు లేచి మళ్ళీ కరుస్తున్నాయి, అది నువ్వు కావాలని పెట్టింది కాదనుకుంటా. చేపలు కోసే కత్తి నాలుగు దెబ్బలకే విరిగిపోతోంది. సంచిలో ఏమీ పట్టడం లేదు. అవనిగడ్డ దిబ్బ మీద ఆ నడక మరీ విసుగు.

నీ సముద్రం మరీ మంచిది, దేవీ. మనుషులు ఒకరి పేగులు ఒకరు తీసుకుంటుంటే అది మాత్రం పచ్చగా ఒక పక్కన పడుకుని ఉంటుంది. ఒక్కణ్ణి కూడా చంపదు. నువ్వు గట్టు మీద నుంచి చూసిన సముద్రం అది.

అసలు లోపం చివర్లో ఉంది. కథ మొదట్లోనే చెల్లెలు రేవులో తండ్రి శవాన్ని చూస్తుంది. అన్న తండ్రిని వదిలేసి, జనాన్ని ఏరు దాటించే చివరి పంటు ఎక్కి పోయాడని అందరూ చెప్తారు. వాణ్ణి వెతికి చంపడానికే ఆమె కత్తి పట్టుకుని బయలుదేరుతుంది. చాలాసేపు నేను దాన్ని కథ అనుకునే ఆడాను. చివర్లో పంటు రేవులో ఒక ముసలాయన "తండ్రినొదిలేసి కొడుకొచ్చాడండీ" అన్నప్పుడు ఆట ఆపి మళ్ళీ విన్నాను. ఆ మాట మన గిలకలదిండిలో నా వెనక అన్నదే. నీ చెవిన కూడా పడిందన్నమాట.

చివరి పంటు మీద ఆ అన్న నిలబడి ఉన్నాడు. నా గళ్ళ చొక్కా వేశావు వాడికి. నేను వరస కలిపే మీట కోసం తెరంతా వెతికాను. లేదు. కత్తి మీట ఒక్కటే ఉంది. చెవుల దండ వేసుకున్నవాణ్ణి మావయ్యా అని పిలవనిచ్చావు, సొంత అన్నని మాత్రం ఒక్క మాట అడగనివ్వలేదు. నేను కొట్టకుండా నిలబడితే వాడు వచ్చి నన్ను పొడిచాడు. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ పొడిచాడు. చివరికి నేనే పొడిచాను. కడుపులో పొడిస్తే వాడు కిందపడి చాలాసేపు కొట్టుకున్నాడు. అంత వివరంగా గీయడానికి నీకెన్ని రోజులు పట్టిందో గాని, నన్ను తలుచుకుంటూనే గీసి ఉంటావు. నాకు చాలా బాధేసింది. కోపం కూడా వచ్చింది.

నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను. అమ్మకి కూడా ఇంతవరకు చెప్పలేదు.

నాన్నా నేనూ ఆఖరిసారి వేటకెళ్ళిన ఆ వేళ గాలి ఎత్తుకోగానే వల లాగేసి తిరిగాం. కెరటం పక్కనుంచి వచ్చి ఫైబర్ బోటుని చేటలా తిరగేసింది. అంచు తగిలి నాన్న నుదురు ఎముక కనపడేలా చీలింది. నీళ్ళలో ఐస్ పెట్టె ఒక్కటే తేలింది. అది ఒక్క మనిషిని మోస్తుంది, ఇద్దరం పట్టుకుంటే మునుగుతోంది. నేను వదిలేస్తానన్నాను. ఆయన నా చెంప మీద కొట్టారు, నీళ్ళలో ఉండి కూడా. వల తాడుతో చేతులతో సహా నన్ను పెట్టెకి కట్టేశారు. నేను పీక్కున్నా ఊడకుండా వీపు మీద ముడి వేశారు. తర్వాత కెరటాలు ఆయన్ని పెట్టెకేసి కొట్టాయి, మళ్ళీ మళ్ళీ కొట్టాయి. నేను చూస్తూనే ఉన్నాను. చేతులు కట్టి ఉన్నాయి.

ఒడ్డుకొచ్చాక గిలకలదిండిలో ఏ మూల నిలబడ్డా ఆ హోరే వినిపించేది. అందుకే సముద్రం కంటికి కనపడని ఊరు చూసుకుని వచ్చాను. జీతం కోసమని మీతో చెప్పాను. భయమని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

ఆ రోజు పొద్దున నీ బొమ్మలాటతో నా ఫోను ఛార్జింగంతా అవగొట్టావని నిన్ను కసిరి గుమ్మం దిగాను. నీకు గుర్తుండే ఉంటుంది. నాన్న విన్నారు. ముడి బిగిస్తూ ఆయన అన్నది అదొక్కటే. "ఇంటికెళ్ళాక దాన్ని కసరకురా."

కాబట్టి ఆటలో నాకు కావలసిన మార్పు ఇంతే. చివరి పంటు మీద ఆ చెల్లెలి చేత ఒక్క ప్రశ్న అడిగించు, "నాన్న ఏమన్నారు?" అని. జవాబు పైన రాశాను. ఆ తర్వాత కత్తి మీట ఉంచడం, తీసేయడం నీ ఇష్టం. ఆట బాగుంది, అమ్మకానికి పెట్టు. సముద్రం చేత మాత్రం ఒక్కణ్ణయినా చంపించు.

ఇదంతా అమ్మకి చదివి వినిపించాలో వద్దో నువ్వే చూసుకో. అమ్మకి నా నమస్కారాలు, ఆవిడ దీవెన నాకు కావాలి. వీధిలో పెద్దవాళ్ళందరినీ అడిగానని చెప్పు. బందరు నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే ఎండురొయ్యల పొడి కాస్త పంపు.

రాసినదంతా మళ్ళీ చదువుకున్నాను. మొదటి ముక్క నుంచీ నిన్ను కసురుతూనే ఉన్నాను. నాన్న అంత చెప్పినా నాకింకా అలవాటు పోలేదు, ఏమీ అనుకోకు.

నీ అన్నయ్య,
శ్రీను