మడిగెలో రెండు మూరలు

కరీంనగర్
12 జూలై 1962

మిషను మీద కాలు ఆగని నా మనుమరాలు అనసూర్యకు, బాపమ్మ దీవెనలు.

ఈ ఊళ్లో కుట్టుదుకాణానికి మడిగె దొరికిందనీ, కిరాయి నెలకు పద్దెనిమిది రూపాయలేననీ లక్సెట్టిపేట నుంచి సంబరంగా రాశావు. సంబరపడు, కానీ లెక్క చూసి పడు. మడిగె యజమాని లక్ష్మీరాజం ఆరు నెలల కిరాయి అడ్వాన్సుగా, ఆపైన నూటయాభై పగిడీగా అడుగుతున్నాడు. ఖాళీ చేసేనాడు రెండూ తిరిగొస్తాయని రాశావు. అడ్వాన్సు తిరిగొస్తుంది. పగిడీ రాదు. అది మడిగె నీకు ఇచ్చినందుకు అతడు ఉంచుకునే సొమ్ము. రెండూ కలిపి రెండువందల యాభై ఎనిమిది. నువ్వు దాచింది రెండువందల అరవై. మిగిలిన రెండు రూపాయలతో బల్ల కొంటావా, కత్తెర కొంటావా? కరెంటు ఎవరిది, మునిసిపాలిటీ పన్ను ఎవరిది, కప్పు కారితే పెంకులు ఎవరు మార్చాలి? ఒక్కటీ అడగలేదు నువ్వు.

అందుకే నిన్న జోరువానలో గొడుగు వేసుకొని మడిగె చూడటానికి నేనే వెళ్లాను.

"అవ్వా, గీ వానల ఎందుకొచ్చినవు? ఎండ గొట్టినంక నేనే చూపిస్తుంటి గద" అన్నాడు లక్ష్మీరాజం.

"ఎండల నీ కప్పు కారదు గద, రాజం" అన్నాను.

మూడు చోట్ల కారుతోంది. నాలుగో చోట తానే కదలకుండా నిలబడ్డాడు, చుక్కలన్నీ నెత్తి మీద పడుతున్నా. జరుగు అంటే జరగడు! నాకు నవ్వాగలేదు, చివరికి అతడికీ ఆగలేదు. ఆ నవ్వులోనే బేరం కుదిరింది. పెంకులు, పన్ను అతడివి. కరెంటు నీది. అడ్వాన్సు మూడు నెలలే. మూడేళ్ల దాకా మనం ఖాళీ చేయబోమని రాసిస్తే పగిడీ వద్దన్నాడు. వెనక నువ్వూ నీ మొగుడూ ఉండటానికి గదులు కూడా ఉన్నాయి.

ఒక్క షరతు దగ్గర ఆగాం. మడిగెలో వేరొకరికి చోటివ్వకూడదని కిరాయినామాలో రాయించాడు. ఆ మాట కొట్టేస్తేనే నీచేత సంతకం పెట్టిస్తానన్నాను. ఎందుకని ఇప్పుడు అడగకు.

నీ బాపమ్మ,
శంకరవ్వ

కరీంనగర్
24 జూలై 1962

కోపంలోనూ అక్షరాలు గుండ్రంగా రాసే నా అనసూర్యకు,

ఎవరో పగిడీ ఇచ్చి మడిగె ఎత్తుకుపోతారని, నా మొండితనం వల్ల నీ దుకాణం పోతుందని రాశావు. భయపడ్డ మాట నిజమే, నేను కూడా. బేరగాడు ఒకడు వచ్చి కూర్చున్నాడు. లక్ష్మీరాజం విసిగిపోయాడు.

"గా చోటు ఎవలికిస్తరో జెర చెప్పరాదు, అవ్వా!"

ఇక దాచి లాభం లేదనుకున్నాను. "నాకే" అన్నాను.

"నీకా? ఏం అమ్ముతవు?"

"గుండీలు. దారం. లేసు."

అతడు నోరు తెరిచాడు. లోపలి నుంచి అతని భార్య లస్మవ్వ గొంతు వినపడింది: "గా మాట కొట్టెయ్యరాదు, ఏం పోతది! ఒక్క గుండీకి బజారంత తిరుగుతున్న నేను. అవ్వ ఈడ పెడితే నాకే ఆరాం."

కొట్టేశాడు. వచ్చి సంతకం పెట్టు.

బిడ్డా, నలభై ఏళ్లుగా ఈ ఇంటి లెక్కలు రాశాను. మీ తాతవి, తర్వాత మీ బాపువి. పైసా తేడా రాలేదు. కానీ వాటిలో నేను సంపాదించిందని రాసుకోవడానికి ఒక్క రూపాయి లేదు. ఎవరూ నాకు తక్కువ చేయలేదు. అయినా రాత ముగించి కలం మూసినప్పుడల్లా అది గుచ్చుకునేది. నీ మడిగెలో వాకిలి పక్క అరమరలో రెండు మూరల చోటివ్వు. నెలకు రెండు రూపాయల కిరాయి, ఆరు రూపాయల అడ్వాన్సు ఇస్తాను. పగిడీ ఇవ్వను.

నీ బాపమ్మ,
శంకరవ్వ

కరీంనగర్
5 ఆగస్టు 1962

కిరాయినామా మీద సంతకం పెట్టి వెళ్లి, నాకే షరతులు రాసిన ఇంటి యజమానురాలు అనసూర్యకు,

పగిడీ లేనిదే చోటు లేదంటావా! నా ట్రంకుపెట్టె తెచ్చి వెనక గదిలో పెట్టాలి, అదే పగిడీ, ఇక తిరిగివ్వను అంటావా! సిద్దిరాములు కూడా కింద సాక్షి సంతకం పెట్టాడే, నీ మొగుడు నీకు తగ్గవాడే. ఉత్తరం మూడుసార్లు చదివాను. కళ్లద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఒప్పుకున్నాను. మీరు సామానుతో రాకముందే మీ బాపు నవ్వుతూ తానే పెట్టె రిక్షాలోకి ఎత్తాడు. "రెండు గల్లీలు దాటితే మనుమరాలి ఇల్లే గద. మళ్ల ఎప్పుడు వాపసు తెస్తవే, అవ్వా?" అన్నాడు.

"ఇది అడ్వాన్సు కాదురా" అన్నాను, "పగిడీ."

నీ కిరాయిదారు,
శంకరవ్వ