గీతకి ఇవతల

సూర్యప్రకాష్ మాస్టారికి, టాటానగర్ రైల్వే క్వార్టర్ నుంచి పద్మశ్రీ తండ్రి నమస్కారాలు.

మీరు తెలుగువారని పాప చెప్పింది, అందుకే ధైర్యం చేసి రాత్తన్నాను. ఫోన్లో కారు బొమ్మని పరిగెత్తించి, బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతాదో రాసి తెమ్మని మీరు హోంవర్కు ఇచ్చారు. పాప కారు వదిలేసి గూడ్సుబండి లెక్క తెచ్చిందని సున్నా వేశారు. మీ తప్పేటీ లేదు.

నేను గూడ్సు డ్రైవర్ని. పోయిన నెల వంపు తిరగ్గానే పట్టాల మీద ఒక మనిషి కనిపించాడు. హారన్ కొట్టి ఎమర్జెన్సీ బ్రేకు వేశాను. బండి ఆగలేదు. నా తప్పు కాదని ఆఫీసోళ్ళు రాసిచ్చారు గానీ, అప్పట్నుంచి నాకు ముద్ద దిగలేదు. డ్యూటీకీ వెళ్ళలేదు.

పాప ఆ బొమ్మలో నా బండి బరువూ వేగమూ పెట్టింది. ఆ మనిషి ఉన్నచోట ఒక గీత పెట్టి ఫోను నా చేతికిచ్చింది. గీత కనబడగానే బ్రేకు నొక్కాను. “దేఖో నాన్నా, నహీ రుక్‌తీ”, చూడు, ఆగదు, అంది. నలభైసార్లు నొక్కి ఉంటాను. బండి ఒక్కసారి కూడా గీతకి ఇవతల ఆగలేదు. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

మార్కుల కోసం అడగడం లేదు. ఆ లెక్క ఒక్కసారి సరిచూడండి. ఎల్లుండి మళ్ళీ బండెక్కాలి. ఒకవేళ తప్పయితే పాపకి చెప్పకండి మాస్టారూ, నాకు చెప్పండి.