ఎర్రబోరు దాటని బొమ్మ

కోంటా,
జనవరి 8, గురువారం

నాన్నా ప్రేమ్,

ఈ ఉత్తరం రాయపూర్ బస్సు డ్రైవర్ సుక్రాం చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఆదివారం ఫోన్లో అడగొచ్చుగా అంటావేమో. ఆ ఐదు నిమిషాలూ అటు మీ హాస్టల్ వార్డెన్ స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటాడు, ఇటు మీ నాన్న. వాళ్లిద్దరి మధ్యా నాకు "తిన్నావా, చదువుతున్నావా" తప్ప ఇంకో మాట రాదు. మీ వార్డెన్‌కి తెలుగు చదవడం రాదు కాబట్టి ఉత్తరమే నయం. చదివి నవ్వకు. నవ్వినా సరే, జవాబు మాత్రం రాయి.

విషయం ఏమిటంటే, నీ కంప్యూటర్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొందామనుకుంటున్నాను. ఏది కొనాలో నువ్వు చెప్పాలి.

నమ్మలేవని తెలుసు. వెళ్లే రోజు "వారానికోసారి ఆన్ చెయ్యమ్మా, లేకపోతే తేమ పట్టి పాడవుతుంది" అన్నావు కదా. మొదట్లో అదే చేశాను. ఆన్ చేసి, దేవుడి ముందు నిలబడ్డట్టు ఐదు నిమిషాలు నిలబడి ఆపేసేదాన్ని. దీపావళి వెళ్లాక ఒక మధ్యాహ్నం, షాపులో ఈగలు తోలుకుంటూ కూర్చోలేక, నువ్వాడే ఆ గళ్ల గళ్ల ఇటుకల ఆట తెరిచాను. తెరవగానే గోతిలో పడి చచ్చాను. మళ్లీ పుట్టి మళ్లీ చచ్చాను. నాకు పట్టుదల వచ్చింది. నా కొడుకు ఈ పెట్టె ముందు ఏళ్ల తరబడి ఏం వెలగబెట్టాడో చూడకుండా లేవకూడదనుకున్నాను. ఇప్పుడు పరిగెత్తడం, దూకడం, నిచ్చెనెక్కడం అన్నీ వచ్చు. మీ నాన్న అన్నం తిని కునుకు తీసే గంటన్నరా నాదే.

చింతపండు అమ్ముకుని బస్సు కోసం మన అరుగు మీద కూర్చునే ఇర్మె ఒకరోజు లోపలికి తొంగి చూసింది. "ఏంది అక్కా, ఇది మా ఎర్రబోరు పోయే రోడ్డు గాదా? గా మలుపు చూడు, గా కల్వర్టు చూడు" అంది. ఆ ఇటుకలతో నువ్వు కట్టింది మన ఊరేనని అప్పటిదాకా నాకు వెలగలేదురా. వెనక్కి తిప్పి చూస్తే బస్టాండు, దాని పక్కన మన బట్టల షాపు. లోపల గల్లా దగ్గర పసుపు చీర కట్టుకున్న ఆడమనిషి. నాకు పసుపు చీరే లేదు. అయినా అది నేనే. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇర్మె కంగారుపడి "మళ్ల సచ్చిపోయినవా అక్కా?" అని అడిగింది.

ఆ రోజు నుంచి ఆ రోడ్డు పట్టుకుని నడుస్తూనే ఉన్నాను. ఎర్రబోరు దాకా బాగానే వెళ్తాను. అక్కడి నుంచి అడవి చిక్కబడుతుంది. చెట్ల మధ్య ఎక్కడో దూరంగా దీపాలు మిణుకుమంటాయి. రెండడుగులు వేస్తే బొమ్మ కుంటుతుంది, మూడో అడుగుకి బిగుసుకుపోతుంది. దీపాల దగ్గర ఏముందో నాకు కనపడదు.

కోంటాలో ఏది ఆగినా మనకు వోల్టేజే కదా. ఫ్యాను తిరగకపోయినా వోల్టేజే, మిక్సీ అరిచినా వోల్టేజే. ఫ్రిజ్ కోసమని మీ నాన్నకు చెప్పి స్టెబిలైజర్ తెప్పించి దీనికి తగిలించాను. లాభం లేదు. రైసుమిల్లు మోటారు కరెంటంతా లాగేస్తోందనుకుని, మిల్లు భోజనానికి ఆగే సమయం కనిపెట్టాను. మోటారు చప్పుడు ఆగగానే కొనేవాళ్లను కూడా వదిలేసి లోపలికి పరిగెడతాను. ఇంకో అడుగు ఎక్కువ నడిచినట్టే అనిపిస్తుంది. అంతే, మళ్లీ బిగుసుకుంటుంది.

చివరికి సుక్మాలో కంప్యూటర్లు బాగుచేసే ముకేష్‌కి ఫోన్ చేశాను. "వోల్టేజ్ కాదు ఆంటీజీ, అంత అడవి గీయడానికి మీ పాత కార్డుకి దమ్ లేదు. మార్చేయండి" అన్నాడు. రెండు రకాలు చెప్పాడు. ఒకటి చిన్నది, రెండు ఫ్యాన్లది, ఎనిమిది జీబీ. ఉన్న పవర్ సప్లైతోనే నడుస్తుందట. ఇంకోటి పెద్దది, మూడు ఫ్యాన్లది, పన్నెండు జీబీ. దానికి పవర్ సప్లై డబ్బా కూడా మార్చాలట. పైగా అది మన క్యాబినెట్‌లో పట్టాలి. నేను పక్క అద్దం మీంచే టేపు పెట్టి కొలిచాను. పదకొండున్నర అంగుళాల చోటుంది, కార్డు పదకొండుంపావు. కుట్టుకి గుడ్డ వదలకుండా కత్తిరించిన రవికెలా ఉంటుంది. జగదల్‌పూర్‌లో ఎవరో వాడినది కూడా ఉందన్నాడు కానీ అది వద్దన్నాను. వాడిన చీర ఇస్త్రీ చేసి కొత్తదని అమ్మేవాళ్లను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను.

చిన్నదా, పెద్దదా? త్వరగా రాయి. రెండు వారాలుగా ఒకచోట కూర్చోలేకపోతున్నాను. మొన్న జాకెట్ గుడ్డ చింపబోయి పక్కనున్న చీర చింపాను. ఆ రోడ్డు వేసుకుంటూ నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో చూడాలి నాకు.

మీ అమ్మ,
మంగాదేవి


కోంటా,
జనవరి 17, శనివారం

ప్రేమ్,

సుక్రాం వాళ్ల ఇంట్లో పెళ్లని సెలవు పెట్టాడట. నా మొదటి ఉత్తరం ఇంకా ఆయన సంచిలోనే ఉందని ఈ పొద్దున తెలిసింది. ఇదీ అదీ కలిపి ఇస్తాడు. ముందు అది చదివి, తర్వాత ఇది చదువు.

నీ జవాబు కోసం ఆగలేక బుధవారం ముకేష్‌ని పిలిపించాను. మీ నాన్న సరుకు కోసం భద్రాచలం వెళ్లిన రోజు చూసి పిలిచాను. ముకేష్ అద్దం విప్పాడు, టార్చి వేశాడు, నా వంక చూశాడు.

"ఆంటీజీ, ఇందులో కార్డే లేదు. స్లాట్ ఖాళీ. తెర వైరు కూడా మదర్‌బోర్డుకే పెట్టేశారు."

"మరి ఇన్నాళ్లు నేను నడిచింది?"

"బోర్డు దమ్ మీదే నడిచారు. ఎర్రబోరు దాకా వెళ్లడమే గొప్ప."

మూడు నెలలు కరెంటు ఆఫీసును తిట్టాను, మిల్లు వాళ్లను తిట్టాను, అద్దంలోంచి లోపల తిరిగే ఫ్యాను చూసి అదే కార్డనుకుని రోజూ అద్దం తుడిచాను. లోపల ఏమీ లేదు. మన ఇంట్లో ఆ పెట్టె విప్పి అమ్మేవాళ్లు ఇంకెవరుంటారు? మీ నాన్న మూటలు దించీ దించకముందే అడిగేశాను, కార్డు ఎవరికి అమ్మారని.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నారు. "ఏందే, నేనెందుకు అమ్ముతా? అమ్మమని నా పానం తిన్నది నువ్వు గాదా?" అన్నారు. మళ్లీ మూటలు దించడానికి వెళ్లారు. తిట్టినా బాగుండేది.

ఆ మాట నిజం, ప్రేమ్. నీకు చెప్పకుండా ఇంక ఉండలేను. నిన్ను రాయపూర్ పంపింది మీ నాన్న కాదు, నేను. ఆయన "వాడు ఇక్కడే చదువుకుంటడు, కళ్ల ముందుంటడు" అన్నారు. నేనే ఒప్పుకోలేదు. నువ్వు పిలిస్తే పలకవు, అన్నం చల్లారిపోతుంది, నీ వీపు తప్ప ముఖం చూసి ఎన్నాళ్లయిందో అనిపించేది. ఆ పెట్టె అమ్మేయండి, వీణ్ణి దూరం పంపండి, లేకపోతే నేనే పుట్టింటికి పోతానన్నాను. నీకు చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది. మీ నాన్నే తన మాటగా చెప్పారు. నువ్వు ఆయనతో మాట్లాడకుండా బస్సెక్కావు. నేను డబ్బాలో జంతికలు సర్ది మంచి అమ్మనైపోయాను. ఈ ఏడు నెలల్లో ఆయన ఒక్కసారి కూడా నన్ను నీకు పట్టివ్వలేదు. అలాంటి మనిషిని దొంగ అన్నాను.

మూడు రోజులుగా ఇంట్లో పళ్లేల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన అన్నం తింటున్నారు, వెళ్తున్నారు. నేను షాపులో తానులు దింపి మళ్లీ అవే సర్దుతున్నాను. కార్డు సంగతి నీకేమైనా తెలిస్తే రాయి. తెలియకపోయినా రాయి. తిట్టాలనిపిస్తే తిడుతూ రాయి.

అమ్మ


రాయపూర్,
జనవరి 22

అమ్మా,

నా తెలుగు రాత చూసి తిట్టకు. నువ్వు నేర్పినదే, ఇక్కడ ఎవరికీ రాయక మర్చిపోతున్నా. రెండు ఉత్తరాలూ నిన్న అందాయి. స్టడీ అవర్‌లో ఫిజిక్స్ పుస్తకంలో పెట్టి చదివా. నువ్వు గోతిలో పడి చచ్చిన చోట గట్టిగా నవ్వితే బయట నిలబెట్టారు. అక్కడ నిలబడి రెండోది చదివా.

నాన్న తీయలేదు. కార్డు నా దగ్గరే ఉంది. నా బట్టల పెట్టెలో, స్వెట్టర్‌లో చుట్టి ఉంది.

మీరిద్దరూ మాట్లాడుకున్న రోజు నేను బయటికి వెళ్లానని మీరనుకున్నారు. నేను గోడౌన్‌లో తానుల వెనకే ఉన్నా. నువ్వన్నవన్నీ విన్నా. పెట్టె అమ్మేయమన్నావు కదా, కార్డు లేకపోతే దాన్ని ఎవరూ కొనరని తీసేశా. తర్వాత నాన్న నా ముందు కూర్చుని "నేనే పంపుతున్న" అని అబద్ధం చెప్తుంటే తెలిసీ ఊరుకున్నా. నీ మీద కోపం నాన్న మీద చూపించా. నీ మీద చూపిస్తే నువ్వు ఏడుస్తావని. నాన్న ఏడవడు కదా అనుకున్నా. అది నా తప్పు. నువ్వే చెప్పు నాన్నకి, నాకు ఫోన్లో స్పీకర్ మీద చెప్పడం రాదు.

నువ్వు కట్టుకున్నది పసుపు చీరేం కాదు. ఆటలో ఆ మనిషికి ఇంకో రంగు దొరకలేదు.

కొత్త కార్డు కొనకు. కొనాలంటే చిన్నదే చాలు, మూడు ఫ్యాన్లది అనవసరం. కానీ అవతల ఏముందో చూడ్డానికే అయితే నేనే చెప్తా. రోడ్డు ఎర్రబోరు దాటి దోర్నపాల్ దాకా వేశా. సంత జరిగే చోటికి ఎదురుగా ఒక షాపు కట్టా. నీలం షట్టర్. కంప్యూటర్లు, ఫోన్లు, సోలార్ దీపాలు బాగుచేసే షాపు. బోర్డు మీద నా పేరుంది. ముందు రెండు బెంచీలు వేశా, అడవి లోపలి ఊళ్ల నుంచి నడిచొచ్చినవాళ్లు కూర్చోడానికి. సంతకి వచ్చినవాళ్లు చిన్న రిపేరుకి కూడా ఫోన్ పట్టుకుని సుక్మా బస్సెక్కడం నువ్వూ చూశావు. ఎవరైనా చూస్తే నవ్వుతారని చుట్టూ అడవి నాటేశా. అందుకే నీకు అక్కడ ఆగిపోతోంది.

నాకు ఇంజనీరింగ్ వద్దమ్మా. చదవలేక కాదు. ఇక్కడ టెస్టుల్లో నేను మొదటి పది మందిలో ఉంటున్నా. అదే భయం. ఏప్రిల్‌లో పరీక్ష బాగా రాస్తే ఇంకా దూరం పంపుతారు, అక్కడి నుంచి ఇంకా దూరం. కావాలనే తప్పులు రాద్దామని రెండుసార్లు అనుకున్నా, చెయ్యి రాలేదు. ఆదివారాలు "బాగున్నా" అని చెప్పేవన్నీ అబద్ధాలే.

నువ్వు పరీక్ష రాయమంటే రాస్తా.

నీ ప్రేమ్


కోంటా,
జనవరి 26, సోమవారం

ప్రేమ్,

నీ ఉత్తరం మీ నాన్నకు చదివి వినిపించాను. నేను చేసినదీ ఆయన ముందు నా నోటితోనే ఒప్పుకున్నాను. నువ్వు తానుల వెనక ఉన్నావన్న చోట ఆయన లేచి బయటికి వెళ్లి, చాలాసేపటికి వచ్చి మిగతాది చదవమన్నారు. అంతా విని, "దోర్నపాల్లనా? గాడ సంత దినం తప్ప ఎవడొస్తడు?" అన్నారు. మళ్లీ సాయంత్రం షట్టర్ దించుతూ దించుతూ ఆగి, "ఏం రంగు షట్టర్ అన్నడు?" అని అడిగారు. నీలం అన్నాను. ఆయన కూడా ఏడుస్తారు, ప్రేమ్. ఆ సంగతి నువ్వూ తెలుసుకో.

నాకు మాత్రం నచ్చలేదు. నీ దగ్గర దాచను. అంత చదువొచ్చినవాడు దోర్నపాల్ రోడ్డు పక్కన కూర్చుని స్క్రూలు తిప్పుతాడా? నిన్న మిల్లు ఆగినా లోపలికి వెళ్లలేదు. ఇంట్లోంచి షాపుకీ షాపులోంచి ఇంటికీ తిరిగాను. ఇర్మె అడిగితే విషయం చెప్పాను. "మా ఊరోళ్లు ఫోన్ ఖరాబైతే సుక్మా పోవుడే అక్కా, ఒక దినం పని పోతది" అంది. నీ పక్షాన అనలేదు, నా పక్షానా అనలేదు. ఉన్నమాట చెప్పి బస్సెక్కింది.

నేను ఇంకా ఒప్పుకోలేదు. కానీ నువ్వు ఒప్పుకోకుండానే నిన్ను ఎక్కడికో పంపిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను. ఏ కార్డు కావాలని నిన్ను అడిగిన పాటి కూడా నువ్వు ఎక్కడ ఉండాలనుకుంటున్నావని అడగలేదు నేను.

బుధవారం సాయంత్రం సుక్రాం బస్సెక్కుతున్నాను. గురువారం పొద్దున్నే మీ గేటు దగ్గర ఉంటాను. ఇంటికి వచ్చేయాలనుంటే పెట్టె సర్దుకుని నిలబడు. మీ వార్డెన్‌తో నాకొచ్చిన హిందీలో నేనే మాట్లాడతాను. ఏప్రిల్‌లో పరీక్ష రాసే వస్తాననుకుంటే ఉత్త చేతులతో నిలబడు. ఇద్దరం ఎక్కడైనా ఇడ్లీ తిందాం, తిరుగు బస్సులో వచ్చేస్తాను. పెట్టె ఉన్నా లేకపోయినా ఎందుకని అడగను. మీ నాన్న చేత అడిగించను.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. నేను ఏడుస్తానని ఏదీ ఎంచుకోకు. నేను ఎటూ ఏడుస్తాను.

అమ్మ