ఎర్రనీళ్ల పళ్లెం

తమ్ముడూ,

నువ్వు నడిపిన ఆ పాత ఫైటర్ విమానాలను నిన్న రిటైర్ చేశారు. సత్తుపల్లిలో మనింట్లో టీవీ ముందు అమ్మ, నాన్న, నేను కూర్చుని చూశాం. కొత్తవి కొనడానికి బడ్జెట్ చాలక ఇన్నేళ్లూ వీటితోనే నెట్టుకొచ్చారని వార్తల్లో ఎంత మామూలుగా చెప్పారో! నీతోపాటు కూలిపోయిన విమానం ఊసు ఎవరూ ఎత్తలేదు.

బొగ్గు బాయిలో డంపర్ నడిపిన నాన్న ఊరుకోలేకపోయాడు. "మా బాయిల డంపర్ బ్రేకు పట్టకుంటేనే పక్కకు పెట్టేటోళ్లు. గాల్లకు పంపేదానికి గంత మాత్రం సూడొద్దా?" అని టీవీ మీద అరిచాడు.

ఆఖరి విమానం దిగగానే రెండు పక్కల నుంచీ ఫైరింజన్లు దాని మీద నీళ్లు చిమ్మాయి.

"గా నీళ్లెందుకు?" అని అమ్మ అడిగింది.

"రిటైరైంది కదమ్మా, మర్యాద" అన్నాను.

నాన్న రిటైరైన రోజు గుర్తుందా? బాయి దోస్తులు దండలేసి, డప్పులతో ఇంటికి తీసుకొచ్చారు. అమ్మ గడపలో ఎర్రనీళ్లు తిప్పి దిష్టి తీసింది. సెలవు మీద వచ్చిన నువ్వు పక్కనే నిలబడి, "నేను రిటైరైననాడు గూడ గిట్లనే తిప్పాలె అమ్మా" అన్నావు.

నిన్న టీవీ కట్టేశాక అమ్మ వంటింట్లోకి వెళ్లింది. నీళ్లలో పసుపు, సున్నం కలిపి, ఆ పళ్లెం పట్టుకుని గడపలో నిలబడింది. నాన్న కుర్చీలోంచి లేవలేదు. చాలాసేపు వీధిలోకి చూసి, అమ్మ నావైపు తిరిగింది.

"ఎవల చుట్టు తిప్పాలె బిడ్డా?"