గౌరి అవుటైంది

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కాలు ఈడ్చి నడిచే చెల్లి గౌరిని ఏక్‌బాల్‌పూర్ గల్లీలోని బెంగాలీ పిల్లలు ఆటలో చేర్చుకోరని నీకెప్పుడూ బెంగే కదా. ఈ సాయంత్రం చేర్చుకున్నారు.

"గౌరి దూద్‌భాత్!" అని అరిచారు. అమ్మ గరిటెతో బయటికొచ్చింది.

"ఏటే, మన పిల్లని పాలన్నమని ఎక్కిరిస్తన్నారా?"

"కాదమ్మా, ఆటలో అరటిపండు అంటున్నారు. పట్టుకున్నా అవుట్ చెయ్యరు," అన్నాను. అమ్మ చల్లబడింది.

గౌరి మాత్రం ఊరుకోలేదు. "నేను దూద్‌భాత్ కాను! నన్నూ అవుట్ చెయ్యండి!"

మనమైతే వద్దనేవాళ్లం. వాళ్లు "ఠిక్ ఆఛే", సరే అని మరుక్షణమే పట్టేశారు. అవుటైన పిల్లల మధ్య గోడ పక్కన కూర్చుని గౌరి పగలబడి నవ్వుతోంది.

అన్నానికి పిలవబోయాను. అమ్మ ఆపింది.

"ఉండనీయే. ఆట అయినాక అదే వస్తాది."