మూతి తిప్పడానికి అనుమతి

చెల్లీ,

వంకరగా తీసిన కాగితాల ఫొటోలను సరిచేసే మనిద్దరి ప్రోగ్రాం ఇప్పుడు మీ కంపెనీ యాప్‌లోనూ ఉందట. అందరికీ ఉచితంగా ఇచ్చిందే, వాడుకోనీ. ఓపెన్ సోర్సే, అంటే రాసిన కోడు అందరితో పంచుకోవడమే, మా ప్రాణమని మీ కంపెనీ పెద్దాయన సభలో చెబుతుంటే నేనూ చప్పట్లు కొట్టాను. మరి మన ప్రోగ్రాంకి నువ్వు ఒక్క లైను కోడు రాసి నాకు పంపాలన్నా మీ లాయరు ఒప్పుకోడేం?

మన దాంట్లో పేజీ చివరి వరస తెగిపోతోంది. మీ యాప్‌లో తెగట్లేదు. అక్కడ దాన్ని సరిచేసింది నీ చెయ్యే, నాకు తెలుసు. ఎలా చేశావో చెప్పొద్దులే. ఆదివారం వచ్చి నా పక్కన కూర్చో, చాలు. నేను తప్పు రాసినప్పుడు ఎప్పట్లా మూతి తిప్పు. అది కూడదని నువ్వు సంతకం పెట్టిన ఒప్పందంలో ఉండదు కదా.

నీ కుర్చీ మీది బట్టలు ఇప్పుడే తీసేశాను.

అక్క